ఐపీఎఫ్ జబ్బు: ఎంత కాలమో తెలియకుండా రోజులు గడపడం ఎలా?

లెక్కల సారు, తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు అరవై ఏడేళ్ళు. చంద్రగిరి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బైరాగిపట్టెడలో సొంత ఇల్లు. పైన మేమిద్దరం, కింద అద్దెకున్నవాళ్ళు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. నాకు ఐపీఎఫ్, అంటే ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉందని వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో తేలి రెండేళ్ళు దాటింది. మందుల గురించి అడగడానికి రాయడం లేదు, ఆ సంగతులు డాక్టరుగారు ఓపిగ్గానే చెప్తున్నారు. నన్ను తినేస్తున్నది ఇంకొకటి.

ఈ జబ్బు పేరు విననివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి మచ్చ కట్టి గట్టిపడుతూ పోతుంది. ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. మొదటిసారి చూసినప్పుడు డాక్టరుగారు చాలాసేపు ప్రశ్నలడిగారు. ఇంటి చుట్టూ పావురాలున్నాయా, ఎయిర్ కూలర్ వాడతారా, బీడీ సిగరెట్టు అలవాటుందా, కీళ్ళ నొప్పులున్నాయా అని. మన దేశంలో ఈ తరహా జబ్బుల్లో చాలా భాగం పావురాల రెట్ట, కూలర్లలో బూజు వంటివి పడక వచ్చేవేనట. 2017లో అచ్చయిన, ఈ తరహా జబ్బుల ఇండియా రిజిస్ట్రీ లెక్కల్లో వెయ్యిమందికి పైగా రోగుల్లో దాదాపు సగం అవే. అదే అయితే కారణాన్ని దూరం పెట్టి కొంత ఆపొచ్చు. నాది అది కాదు. స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగు భాగం చిన్న చిన్న గదులుగా కనబడింది. ఐపీఎఫ్ అని రాసిచ్చారు.

నాకు మొదట తెలిసింది అలిపిరి మెట్ల మీద. ఆ 3,550 మెట్లు ఏటా ఎక్కేవాణ్ణి. గాలిగోపురం దాకా ఎక్కడా కూర్చునేవాణ్ణి కాదు. ఒక ఏడు మధ్యలో చాలాసార్లు కూర్చోవాల్సి వచ్చింది. వయసు అనుకున్నాను. తర్వాత పొడి దగ్గు పట్టుకుంది. సుద్దముక్కల దుమ్మని ఒకరు, ఆస్తమా అని ఒకరు అన్నారు. చివరికి వేలూరు వెళ్ళడానికి కాట్పాడి రైలెక్కాం.

మందు వాడుతున్నాను, పిర్‌ఫెనిడోన్. దాని వల్ల ఎండలోకి వెళ్తే ఒళ్ళు ఎర్రబడుతుంది, అన్నం సయించదు. ఈ మందులేవీ పోయిన ఊపిరిని తిరిగి తేవు, పోయే వేగాన్ని తగ్గిస్తాయి. ఊపిరితిత్తుల మార్పిడి గురించి కూడా అడిగాను. నా వయసుకి, నా గుండె పరిస్థితికి కుదరదన్నారు. ఆ తలుపు మూసుకుందని తెలియడమే నయమనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. జబ్బు తేలినప్పటి నుంచి మూడు నుంచి అయిదేళ్ళు అని అన్నిచోట్లా రాసి ఉంటుంది. అది మధ్యగతం లెక్క. పదో తరగతి పిల్లలకు ఏళ్ళ తరబడి మధ్యగతం చెప్పినవాణ్ణి. సగం మంది అటు, సగం మంది ఇటు, ఒక్క మనిషి ఎక్కడ ఉంటాడో ఆ అంకె చెప్పదు. ఈ మాట నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అయినా రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఆ లెక్క నాకు పనికిరావడం లేదు.

ఆర్నెల్లకోసారి ఊదుడు పరీక్ష చేస్తారు. ఆరోగ్యంగా ఉంటే ఊదగలగాల్సిన దానిలో ఎంత శాతం ఊదానో చెప్తారు. మొదట 74 శాతం వచ్చింది. తర్వాత 73, మళ్ళీ 74. ఏడాదికి పైగా కదల్లేదు. నాది నెమ్మదిగా సాగే రకమే అని నమ్మడం మొదలుపెట్టాను. పోయిన చలికాలంలో మామూలు జలుబు చేసింది. తగ్గాక చూస్తే 66. ఇప్పుడు అక్కడే ఆగింది. కొందరికి ఏళ్ళ తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి మెట్టు మెట్టుగా పడుతుంది, కొందరికి బాగున్నారనుకున్నప్పుడే కొద్ది రోజుల్లో ముదిరిపోతుంది అన్నారు డాక్టరుగారు. మీది ఏ రకమో ముందుగా చెప్పలేనని కూడా అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయనంటే గౌరవం పెరిగింది. కానీ ఆ మాటతో ఇంటికి వచ్చి ఏం చెయ్యాలో తెలియలేదు.

ఒక కన్నులో శుక్లం ఉంది. ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? కింది భాగంలోకి మారాలంటే అద్దెకున్నవాళ్ళను ఖాళీ చెయ్యమనాలి, వాళ్ళ పిల్లల స్కూలు పక్క వీధిలోనే. ఎప్పుడు చెప్పాలి? అబ్బాయి బెంగళూరు వచ్చేయమంటాడు. అయిదేళ్ళుంటే వెళ్ళడం న్యాయం, ఆరు నెలలే అయితే నా వీధిలో, నా మనుషుల మధ్య ఉండాలని ఉంది. ప్రతి ప్రశ్నకీ జవాబు ఆ ఒక్క తెలియని అంకె మీద ఆధారపడి ఉంది. పొద్దున ఒక నిర్ణయానికి వస్తాను, రాత్రికి అది తారుమారవుతుంది.

ఇంకొకటి, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటరు. 93 చూపిస్తే ఆ పూట పండగ. 90 చూపిస్తే గుండె దడ మొదలై ఆయాసం నిజంగానే వస్తుంది. నేను నిద్రపోయానని అనుకుని మా ఆవిడ నా వేలికి పెట్టి చూస్తుంది. నేను కళ్ళు తెరవను. 2024 డిసెంబరులో తబలా విద్వాంసులు జాకిర్ హుస్సేన్ గారు పోయినప్పుడు టీవీలో ఈ జబ్బు పేరే చెప్పారు. ఆమె గబుక్కున రిమోట్ నొక్కి ఛానెల్ మార్చింది. ఆ రోజు నుంచి ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

బంధువులకు చెప్పబోతే మాట పూర్తి కానివ్వరు. ఏం కాదు, స్వామి ఉన్నాడు అంటారు. స్వామి మీద నాకూ నమ్మకం ఉంది. కానీ నా భయాన్ని ఎవరో ఒకరు చివరిదాకా వినాలని ఉంది. ఇలాంటి జబ్బుతో, నాదే కానక్కర్లేదు, ఎంత కాలమో తెలియకుండా బతికినవాళ్ళు, బతుకుతున్నవాళ్ళు మీరు రోజును ఎలా గడుపుతున్నారో చెప్పండి.

మామిడితోట, చిత్తూరు

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఆయనకూ ఇదే జబ్బు. నాలుగో ఏట పోయాడు. మాది బంగారుపాళ్యం వైపు, తోటలున్నాయి. ఎక్కువ తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలకు తోలేవాళ్ళం. మీ భయాన్ని చివరిదాకా చదివాను, ముందు ఆ మాట చెప్పాలనిపించింది.

మీరడిగిన దానికి మాకూ జవాబు దొరకలేదు. అంకె ఏదీ ఆఖరిదాకా తెలియలేదు. కానీ మొదటి ఏడాదికీ తర్వాతికీ మా ఇంట్లో చాలా తేడా ఉండింది. మొదటి ఏడాది మీలాగే ప్రతిదానికీ ముందు కాలం లెక్క. అప్పుడు మా ఆయన తమ్ముడు, సొసైటీలో గుమాస్తా, ఒక మాట అన్నాడు. కాలం ఎంతైనా సరే చెయ్యాల్సిన పనులు ఏవో ముందు అవి చేసేయండి అన్నాడు. కూర్చుని చూస్తే మేం తలపట్టుకున్న వాటిలో సగానికి పైగా అవే. పొలం పాసుపుస్తకాలు సరిచేయడం, బ్యాంకులో నామినీ పేరు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, మంచం కిటికీ పక్కకి జరపడం. పదేళ్ళున్నా అవి మంచివే, ఆర్నెల్లున్నా మంచివే. మీ కన్ను ఆపరేషన్ కూడా నాకు అలాంటిదే అనిపిస్తోంది సార్. మత్తు ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడిగి చేయించుకోండి. ఆర్నెల్లయినా పేపరు స్పష్టంగా చదువుకోవడం చిన్న విషయమా?

కింది ఇంటి సంగతీ అంతే. మెట్లు దిగి ఎక్కడానికి మీరు దాచుకోవాల్సిన ఊపిరి పోతోంది. అద్దెకున్నవాళ్ళకు ఉన్న సంగతి చెప్పండి. మీరు పైభాగం తీసుకోండి, మేం కిందికొస్తాం అనండి. పిల్లల స్కూలు మారక్కర్లేదు. మీకు ఇది తట్టలేదని అనడం లేదు, భయంలో ఉన్నప్పుడు అన్నీ ఒకే ముద్దగా కనబడతాయి.

మిగిలినవి, అంటే నిజంగానే కాలం మీద ఆధారపడినవి, మేం ఒక టెస్టు నుంచి ఇంకో టెస్టు దాకా మాత్రమే ఆలోచించేవాళ్ళం. అవతలి ఏడాది గురించి ఎవరు అడిగినా మా ఆయన, వేలూరు వెళ్ళొచ్చాక చెప్తా అనేవాడు. అది తప్పించుకోవడం కాదు, ఆయన పెట్టుకున్న హద్దు. కూతురి దగ్గరికి హైదరాబాదు వెళ్ళడం గురించి కూడా అలాగే. ఈ ఆర్నెల్లు ఇక్కడ, తర్వాత మళ్ళీ చూద్దాం. బెంగళూరు గురించి మీ అబ్బాయికి అలా చెప్పొచ్చు. శాశ్వతంగా అవునో కాదో ఇప్పుడే తేల్చాలని ఎవరన్నారు?

ఆశ పెట్టుకోవాలా, సిద్ధపడాలా అని నేనూ చాలా నలిగాను. ఒకటి చేస్తే రెండోదానికి ద్రోహం చేసినట్టు ఉండేది. మా ఆయన ఒక రోజు పొద్దున కొత్త అంటు మొక్కలు నాటించాడు. అవి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అదే సాయంత్రం ప్లీడరుతో కూర్చుని వీలునామా రాయించాడు. రెండూ మనసుతోనే చేశాడు, నేను పక్కనే ఉండి చూశాను. అప్పట్నుంచి ఏదో ఒక వైపు తేల్చుకోవాలన్న బాధ నాకు తగ్గింది.

ఇక మీ ఇంటామె గురించి. ఆమెకు అన్నీ తెలుసు సార్. ఆ రిమోట్ మార్చిందంటేనే తెలుసని. నేను పశువుల కొట్టంలోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికొచ్చేదాన్ని. ఆయనకు తెలియదనుకున్నాను. ఒకసారి బస్సులో, కాణిపాకం దాటాక, నువ్వు కొట్టంలోకి పోతే నేను టీవీ సౌండు పెంచుతా అన్నాడు. ఇద్దరం ఎదుటి సీట్ల వైపు చూస్తూ ఉన్నాం కాబట్టి మాట్లాడటం సులువైంది. అక్కడ మొదలుపెట్టి ఇంటికొచ్చేసరికి, మిషన్ల మీద పెట్టొద్దు, ఇంట్లోనే ఉంచు అని కూడా చెప్పేశాడు. ఆ రోజు గుండె రాయి చేసుకుని విన్నాను. కానీ తర్వాత ఆ ఘడియ వచ్చినప్పుడు, హాస్పిటల్లో చుట్టూ మనుషులు ఏం చెయ్యమంటారమ్మా అని అడిగినప్పుడు, నేను నా తెలివితో నిర్ణయించాల్సిన అవసరం రాలేదు. ఆయన చెప్పిందే చెప్పాను. అది ఆయన నాకు చేసిన మేలు. మీరూ మీ ఆవిడకు ఆ మేలు చెయ్యండి. రాత్రిపూట మాత్రం వద్దు. వేలూరు పోయే రైల్లో మాట్లాడండి.

శ్రీకాళహస్తి వాసి

సార్ ధైర్యంగా ఉండండి. మనసు గట్టిగా పెట్టుకుంటే ఏ జబ్బూ ఏమీ చేయదు. మా పిన్నికి ఊపిరితిత్తుల సమస్యకి ఒక ఆకు కషాయం ఇస్తే ఇంగ్లీషు మందులు మానేసింది, ఇప్పుడు బాగుంది. కావాలంటే వివరం చెప్తాను.

పలమనేరు నర్సు

సార్, ముందుగా పై మాట గురించి. కాళహస్తి వారు మంచి మనసుతోనే చెప్పారు. కానీ పిర్‌ఫెనిడోన్ మానకండి. ఆ మందు కాలేయాన్ని ఇబ్బంది పెట్టొచ్చు కాబట్టే మీకు రక్తపరీక్షలు చేస్తున్నారు, దానిమీద తెలియని కషాయం పడితే ఇబ్బంది. ఇంకో మాట. మనసు గట్టిగా ఉంటే ఏమీ కాదు అంటే, జబ్బు ముదిరితే మనసు గట్టిగా పెట్టుకోనందుకే అని రోగి తనను తాను నిందించుకుంటాడు. అలాంటివాళ్ళను నా చేతులతో చూసుకున్నాను. ఇది మీ మనసు చేసిన జబ్బు కాదు.

నేను చాలా ఏళ్ళు పాలియేటివ్ కేర్‌లో పనిచేశాను. పాలియేటివ్ అనగానే ఆఖరి రోజుల వార్డు అనుకుంటారు. ఆయాసం, దగ్గు, నిద్ర పట్టకపోవడం, భయం, ఇంట్లోవాళ్ళ అలసట, వీటన్నిటికీ జబ్బు మందులు నడుస్తుండగానే పక్కన అందాల్సిన వైద్యం అది. సీఎంసీలోనే ఆ విభాగం ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు మీ డాక్టరుగారినే అక్కడికి రాసివ్వమని అడగండి. అడిగితే ఆయన చేతులెత్తేసినట్టు కాదు.

ఆక్సిమీటరు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర ఆగాను. ఆయాసం వేరు, ఆ అంకె వేరు సార్. 95 ఉన్నా ఊపిరాడనట్టు ఉండొచ్చు, 88 ఉన్నా తెలియకపోవచ్చు. వేలు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది. భయం వేసినప్పుడు ఊపిరి పైపైన, గబగబా తీస్తాం. దానివల్ల ఆయాసం, దానివల్ల ఇంకా భయం. ఆ సమయంలో అంకె చూడటం వల్ల ఏమీ తేలదు. ఎప్పుడెప్పుడు చూడాలి, ఎంత కన్నా తగ్గితే ఫోన్ చెయ్యాలి అని డాక్టరు దగ్గర ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ వేళల్లో తప్ప డబ్బీ బీరువాలో ఉండాలి. తాళం అమ్మగారి దగ్గర కాదు, మీ దగ్గర కాదు, ఇద్దరూ కలిసి తీయాలి అని పెట్టుకున్న దంపతులు నాకు తెలుసు.

ఆయాసం వచ్చినప్పుడు చేసేది చెప్తాను. కుర్చీలో కూర్చుని కాస్త ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించండి. ముక్కుతో పీల్చి, పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి నెమ్మదిగా వదలండి. వదలడం పీల్చినదానికి రెట్టింపు సేపు ఉండాలి. చేతిలో పట్టుకునే చిన్న బ్యాటరీ ఫ్యాన్ కొనుక్కోండి. జానెడు దూరంలో పట్టుకుని ముక్కు, పైపెదవి, బుగ్గల మీద గాలి తగిలేలా చూసుకోండి. మొహం మీద చల్లగాలి తగిలితే మెదడుకు ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది, ఇది పరీక్షలు చేసి చూసిందే. నా రోగులు చాలామంది దాన్ని దిండు కింద పెట్టుకునేవాళ్ళు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటి చేతిలో ఉండటం వాళ్ళకు ఎంతో బలం.

ఇంకా ముందుకు వెళ్ళాక ఆయాసానికి తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. ఆ పేరు విని వణికిపోకండి. అది ఊపిరి ఆపడానికి కాదు, ఊపిరాడని బాధను తగ్గించడానికి. మలబద్ధకం వస్తుంది, దానికి ముందే మందు ఇస్తారు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో అది ఇవ్వడం సులువైంది. ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, నేను చూసిన రోగుల్లో ఎక్కువమందికి చావు కన్నా ఊపిరాడక చావడం గురించే భయం. ఆ భయానికి వైద్యం ఉంది.

మామిడితోట అక్క చెప్పిన, మిషన్ల మీద పెట్టొద్దన్న మాటను చట్టం కూడా ఒప్పుకుంటుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసింది. నయం కాని స్థితి వచ్చి, నోట మాట లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం, మీ తరఫున మాట్లాడే మనిషి పేరు ఉండాలి. ఇంతకుముందు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. ఈ జబ్బు ఒక్కసారిగా ముదిరి వెంటిలేటర్ మీదికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తిరిగి రారు. అందుకే తేరుకుని ఉన్నప్పుడే డాక్టరుతో మాట్లాడమంటాను. రాసినది ఎప్పుడైనా మార్చుకోవచ్చు కూడా.

వరుసగా చాలా రోజులు నిద్ర లేకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, అది జబ్బులో భాగమే అని ఊరుకోకండి. దానికి విడిగా మందులున్నాయి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఒక కొడుకు, బెంగళూరు

సార్, మాది పుత్తూరు. మా నాన్నకు వేరే జబ్బు, అదీ తగ్గేది కాదు. మీ అబ్బాయి తరఫున ఒక్క మాట. మా నాన్న ఫోన్‌లో ఎప్పుడూ బాగున్నా అంటాడు. ఆ మాట విన్న రోజు నాకు అసలు నిద్ర పట్టదు, ఏం దాస్తున్నాడో అని. ఈ రోజు బాగాలేదు అని చెప్పిన రోజే కాస్త నిశ్చింతగా ఉంటాను. మీ అబ్బాయి బెంగళూరు రమ్మనడం ఇల్లు మార్చడం గురించి కాకపోవచ్చు. దూరంగా ఉండి ఏమీ తెలియని బాధ గురించి కావచ్చు. టెస్టు కాగితాలు ఆయనకు కూడా పంపండి.

లెక్కల సారు, తిరుపతి

అందరికీ చేతులెత్తి నమస్కారం. కాళహస్తి వారికి కూడా. మీ పిన్నిగారు బాగుండాలి. నా మందులు మాత్రం మాననండి.

మామిడితోట అమ్మా, మీరు చెప్పినట్టు ఒక కాగితం మీద అన్నీ రాసుకుని చూశాను. ఎంత కాలమైనా చేయాల్సినవి ఒక వైపు, కాలాన్ని బట్టి చేసేవి ఇంకో వైపు. నిజంగానే మొదటి వైపు పొడవుగా వచ్చింది. కన్ను, కింది ఇల్లు, పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు, కాలం చెల్లిన గ్యాస్ కనెక్షన్. కింద ఉన్నవాళ్ళతో మాట్లాడాను. ఆ ఇంటాయన నా మాట పూర్తి కాకుండానే, వచ్చే నెలలో సామాన్లు మార్చుకుందాం సార్, నేనే మనుషుల్ని పెడతా అన్నాడు. ఎన్ని రాత్రులు దీని గురించి నిద్రపోలేదో!

కానీ ఒకటి రెండు వైపులా ఇమడటం లేదు. రిటైరయ్యాక కూడా పదో తరగతి పిల్లలకు ఊరికే లెక్కలు చెప్తున్నాను. ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు వస్తారు. జూన్‌లో మొదలుపెడితే మార్చి పరీక్షల దాకా నాది బాధ్యత. ఈ ఏడాదికి పిల్లలు పేర్లు ఇచ్చి వెళ్ళారు. మొదలుపెట్టి నవంబరులో మంచం పడితే వాళ్ళ గతేమిటి? ఇది నా సుఖం గురించి కాదు. పబ్లిక్ పరీక్ష ముందు సారు లేకపోవడం ఆ పిల్లకు ఎంత దెబ్బో నాకు తెలుసు. అలాగని మానేస్తే, పొద్దున లేవడానికి నాకు కారణం ఏముంది? మాట్లాడితే దగ్గు కూడా వస్తోంది. దీన్ని టెస్టు నుంచి టెస్టుకు అని వాయిదా వేయలేను.

మామిడితోట, చిత్తూరు

మొదలుపెట్టండి సార్. కానీ ఒక్కరే వద్దు. మీ దగ్గర చదువుకుని ఇప్పుడు బీఈడీ చేసినవాళ్ళో, ఇంజనీరింగు చదువుతున్నవాళ్ళో తిరుపతిలో కనీసం ఒక్కరైనా ఉండరా? మొదటి రోజు నుంచే ఆ మనిషి మీ పక్కన కూర్చోవాలి. బోర్డు మీద రాసేది వాళ్ళు, ఎక్కడ తప్పు పోతోందో చూసేది మీరు. మీకు దగ్గు వచ్చిన రోజు వాళ్ళు చెప్తారు. పిల్లల అమ్మానాన్నలకు మీ ఆరోగ్యం సంగతి ముందే చెప్పండి. తెలిసి పంపేవాళ్ళు పంపుతారు.

మా ఆయన మా చిన్నోణ్ణి అలాగే తోటలో పక్కన తిప్పుకున్నాడు. ఏ చెట్టుకు ఎప్పుడు నీళ్ళు ఆపాలి, పూత మీద ఏ మందు కొట్టాలి అని. అది వారసత్వం అని ఎవరూ అనుకోలేదు, రోజూ పనే. తర్వాతి సీజన్‌లో ఫ్యాక్టరీ వాళ్ళతో వాడే మాట్లాడాడు.

లెక్కల సారు, తిరుపతి

కొన్నాళ్ళు ఆగి రాస్తున్నాను. నా దగ్గర చదివిన అమ్మాయి ఒకామె పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు చేస్తోంది. అడగగానే వచ్చింది. త్రికోణమితి తనది, సాంఖ్యక శాస్త్రం నాది అని పంచుకున్నాం. పిల్లల తల్లిదండ్రులకు చెప్పాను. ఎవరూ మానలేదు.

మా ఆవిడతో కూడా మాట్లాడాను. వేలూరు రైల్లో, పాకాల దాటాక. నేను మొదలుపెట్టగానే ఆమె, జాకిర్ హుస్సేన్ గారి వార్త ఆ రాత్రే నేను ఫోన్‌లో మొత్తం చదివాను అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన లేచి వేరే సీటుకు వెళ్ళాడు. చిత్తూరు వచ్చేసరికి ఆమె నన్ను అడిగిన మొదటి మాట, నీకు ఆయాసం వస్తే నేను ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు అని. ఇన్నాళ్ళూ ఆమె భయం అది. పాలియేటివ్ విభాగానికి డాక్టరుగారు రాసిచ్చారు. అక్కడ ఒక సిస్టరు ఆమెకు ఫ్యాన్ పట్టుకోవడం, నన్ను కూర్చోబెట్టడం అన్నీ చేయించి చూపించారు. ఊదుడు పరీక్ష 64 వచ్చింది. అంత చిన్న తేడా ఊదడంలో తేడా కూడా కావచ్చన్నారు. ఆ రెండు శాతానికి నేను పెద్దగా కుంగలేదు, అబ్బాయికి కూడా కాగితం పంపాను. రాత్రిళ్ళు ఇప్పటికీ భయం వేస్తుంది. ఆమెను లేపుతున్నాను, అది ఒక్కటి మారింది.

నర్సమ్మా, మిమ్మల్ని ఒకటి అడగాలి. రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషన్ పెట్టమన్నారు. అయిదు లీటర్లది. మాకు 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది? ఇంకొకటి, కింద పూజగది మా పడకగదిని ఆనుకునే ఉంది. ఆమె రెండు పూటలా దీపం పెడుతుంది. ఆపమని నేను చెప్పలేను.

పలమనేరు నర్సు

చాలా సంతోషం సార్, ముఖ్యంగా అమ్మగారు నేర్చుకున్నందుకు.

అయిదు లీటర్ల మిషన్లు మామూలుగా 350 వాట్ల దాకా లాగుతాయి. మీ బ్యాటరీ 12 వోల్టులది అయితే 1,800 వాట్ అవర్లు. లెక్కకు అయిదు గంటలు వస్తుంది గానీ ఇన్వర్టర్ నష్టం, బ్యాటరీ పాతదనం తీసేస్తే మూడున్నర, నాలుగు అనుకోండి. ఆ టైములో ఫ్రిజ్జు, ఫ్యాన్లు దాని మీద ఉండకూడదు. ఒక సిలిండరు నింపి పక్కన పెట్టుకోండి, దాని మీటరు తిప్పడం అమ్మగారికి, కింద నుంచి పైకి మారినవాళ్ళకు కూడా నేర్పండి.

దీపం మానక్కర్లేదు. ఆక్సిజన్ తనంతట అంటుకోదు, కానీ ఉన్న మంటను బాగా రగిలిస్తుంది. మిషన్, ట్యూబు, మీరు మంటకు పది అడుగుల దూరంలో ఉండాలి. ఆనుకుని ఉన్న గది కాబట్టి మీ మంచం అవతలి గోడ వైపు వేయించండి, లేదా దేవుడి పటాలు ముందు గదిలోకి మార్చండి. సాయంత్రం దీపం కొండెక్కాకే మిషన్ ఆన్ చెయ్యండి. పొద్దున ట్యూబు తీసిన వెంటనే దీపం దగ్గరికి, స్టవ్ దగ్గరికి వెళ్ళకండి. దుప్పటి, చొక్కాలో ఆక్సిజన్ కాసేపు నిలిచి ఉంటుంది, ఇరవై నిమిషాలు ఆగండి. ముక్కు ఎండిపోతే వాజలిన్ రాయొద్దు, నీళ్ళతో చేసిన జెల్ మందుల షాపులో అడగండి. ట్యూబు పొడవుది తీసుకుంటే రాత్రి బాత్రూముకు తీయకుండానే వెళ్ళొచ్చు, కాళ్ళకు చుట్టుకోకుండా గోడ వెంట కొక్కాలు కొట్టించండి.